బావ గిటారుకి రెండు ట్రాన్సిస్టర్లు

నాకు ఓపిక తక్కువ. ఖుర్సీపార్‌లో రేడియోలు బాగుచేసుకుని బతికేవాడికి ఉండకూడని జబ్బు అది. ఆ సెప్టెంబరులో మాత్రం ముడ్డి కదపకుండా కూర్చుని ట్రాన్సిస్టర్లు ఏరాను. మా బలరాం బావ కోసం.

బావ గిటారు వాయిస్తే వీధి వీధంతా ఆగి వినేది. కిందటేడు విశ్వకర్మ పూజనాడు, పనిముట్టు ముట్టుకోకూడని రోజున, ఒక చిన్న వర్క్‌షాపు యజమాని అర్జెంటు పనంటూ బావని లేత్ మీద నిలబెట్టాడు. ఎడమచేతి నడిమి వేళ్లు రెండూ పోయాయి. మిగిలిన వేళ్లతో తీగ నొక్కగలడు, కానీ వేలు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి చేరేలోపే స్వరం చచ్చిపోతుంది. అందుకని స్వరాన్ని గరగరలాడిస్తూ సాగదీసే ఫజ్ డబ్బా ఒకటి చేసిపెడతానని మాటిచ్చాను. ఈ ఏడు పూజ పందిట్లో వాయించలేకపోతే ఇక గిటారు ముట్టనని బావ ఒట్టు పెట్టుకున్నాడు.

స్వదేశం వెళ్లిపోతూ మా ఊరి ఉక్కు ఫ్యాక్టరీ రష్యా ఇంజనీరు ఒకాయన వదిలేసిన పాత రేడియోలే నాకు గతి. వాటిలోంచి ఊడదీసిన జెర్మేనియం ట్రాన్సిస్టర్లు దేనికదే ఓ తిక్క మనిషి. మీటరుకి తగిలించి వేళ్లతో పట్టుకుంటే చాలు, ఆ కాస్త వేడికే ముల్లు పైకి పాకేది. అంటే లోపల కరెంటు కారిపోతోందన్నమాట. అలాంటివాటిని తిట్టుకుంటూ చెత్తబుట్టలోకి విసిరేసేవాణ్ణి. తిండి సహించేది కాదు, కూర్చుంటే కాళ్లు ఊగేవి. ఎట్టకేలకు ఒక జత కుదిరింది.

పూజనాటి పొద్దున్న నా సోల్డరింగ్ ఐరన్‌ని తుడిచి, బొట్టు పెట్టి, కొట్లో విశ్వకర్మ పటం ముందుంచాను. మా అప్ప సత్యలక్ష్మి, అంటే బావ భార్య, ఫజ్ డబ్బాని కూడా తెచ్చి అక్కడ పెట్టింది. అంతటితో ఊరుకుందా? హారతి పళ్లెం దాని నెత్తికెక్కించి, మొగుడు బాగుండాలని గుప్పెడు కర్పూరం వెలిగించింది.

సాయంత్రం పందిట్లోకి వెళ్లేముందు కొట్లో బావ తీగ మీటితే బుసబుస తప్ప ఇంకేమీ రాలేదు. రేకు మూత తీశాను. దానికి ఆనుకుని ఉన్న రెండో ట్రాన్సిస్టరు మాడి కూర్చుంది.

"ఏటప్పా ఇది! మొక్కమంటే కాల్సి సంపేసినావు!" అని అరిచి, ఐరన్ కోసం చెయ్యి చాచాను.

అప్ప అడ్డం పడింది. "ఒద్దురా సూరీ, ఇయ్యాల ముట్టుకోకు. పోయినేడు ఏటయిందో సూడనేదా?"

బావ డబ్బా పక్కకి నెట్టి, గిటారు వైరు నేరుగా యాంప్లిఫయరుకి తగిలించాడు. ఒక స్వరం, ఖాళీ. ఇంకో స్వరం, మళ్లీ ఖాళీ. కాసేపటికి తనే ఆపేశాడు.

"పోన్లేవే. మా జట్టులో చినబాబు వాయిత్తాడు. ఆడి సెయ్యి పూర్తిగా ఉంది" అన్నాడు.

అప్ప పటం వైపు తిరిగింది. పూలు పక్కకి తోసి, ఐరన్ తీసి, కొంగుతో కుంకుమ తుడిచి నా చేతిలో పెట్టింది.

"నా మొగుడి సేతి ఏళ్లు తీసుకున్నోడు ఇంకేటి తీసుకుంటాడు? కానీరా!"

ఐరన్ వేడెక్కేలోపు, పారేసిన ట్రాన్సిస్టర్లనే ఏరి ఒక్కొక్కటిగా తగిలించాను. మీటరు చూసే తీరిక లేదు. బావ మీటుతుంటే అప్ప కళ్లు మూసుకుని వింటోంది. ఇది కాదంది. ఇదీ కాదంది. పందిట్లో మైకు బావ పేరు పిలుస్తోంది. చెమట కళ్లలోకి దిగుతోంది.

"ఇదే" అంది అప్ప.

"అది కారిపోయే ముక్కప్పా! గంటసేపు కూడా నిలబడదు."

"గంటెందుకురా? పాట ఎంతసేపేటి?"

నోరు మూసుకుని అతికించాను. బావ చిటికెనవేలితో నొక్కి మీటాడు. స్వరం గరగరమంటూ లేచింది. వేలు తీరిగ్గా పై మెట్టుకి జారింది, స్వరం కూడా దాంతోనే వెళ్లింది.

మైకులో మళ్లీ పిలిచారు. బావ తీగ మీంచి చెయ్యి తీయబోయాడు. అప్ప ఆ చేతిని, సరిగ్గా వేళ్లు లేని చోట, తన చేత్తో అదిమి పట్టుకుంది.

"ఇంకొంచెం ఇననీ మావా. ఆపకు" అంది.