వాకిలి మూసిన రూపాయి

హైదరాబాదు రైలెక్కి తుంగభద్ర దాటే ముందు కర్నూలు ఆడవాళ్లకు ఒక అలవాటుండేది. వెంట వచ్చేవాళ్ల దుడ్లన్నీ ఒకే తిత్తిలో వేసి, అందరిలో పెద్దామె నడుముకు కట్టేవాళ్లు. నాలుగుచోట్ల కాపలా కాసేకన్నా ఒకచోట కాయడం సులువు కదా.

ఆ ఏడు తిత్తి ఉరుకుందమ్మ నడుముకెక్కింది. ఆమె భూములున్న ఇంటి కోడలు. వెంట వచ్చింది ఆమె చేలో కలుపు తీసే విశ్వాసమ్మ. ఇద్దరూ కండ్లాసుపత్రికే. విశ్వాసమ్మకు చూపు మసకబారి, కలుపుతోబాటు వేరుశనగ మొక్కనూ పీకేస్తోంది. అద్దాలు రాకపోతే ఇక కూలికి పిలిచేవాళ్లుండరు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. స్వరాజ్యం వచ్చి ఐదారేళ్లయినా ఏటికి అవతల నిజాం కాలపు హాలీ రూపాయలు ఇంకా నడిచేవి. మన ఆరు రూపాయలకు అవి ఏడు వచ్చేవి. వాటి మీద చార్మినారు బొమ్మ, నడుమ చిన్న వాకిలి. రూపాయి మోసంతో చేయి మారితే ఆ వాకిలి మూసుకునేది. అట్లా మూసుకున్నదాన్ని ఏ అంగడివాడూ తీసుకునేవాడు కాదు. అంతే.

స్టేషన్ బయట మారకం షావుకారు దగ్గర విశ్వాసమ్మ ఆరు రూపాయలకు ఏడు హాలీలొచ్చాయి. ఉరుకుందమ్మ ఆమె అరచేతిలో ఆరే పెట్టింది.

"నీవి ఆరు. చూసుకో."

"నువ్వు పెట్టినాక చూసేదేముండాదమ్మా?"

గాజుల అంగడిలో ఉరుకుందమ్మ ఇచ్చిన ఆ ఏడో రూపాయిని ముసలాయన తిప్పి చూసి మెల్లగా వెనక్కి పెట్టాడు. "తలుపు పడింది తల్లీ. వేరేది ఉంటే ఇయ్యి." ఇంకేమీ అడగలేదు. అడిగుంటే బాగుండుననిపించింది ఉరుకుందమ్మకు. గాజులు తీసుకోకుండానే దిగి వచ్చేసింది.

ఆసుపత్రిలో గుమాస్తా అద్దాలకు ఏడు రూపాయలన్నాడు.

"ఆరే ఉండాయి సామీ. కోతలైనాక మళ్లీ వస్తాలే," అంది విశ్వాసమ్మ.

"కోతలకు నిన్నెవురు పిలుస్తారే, కండ్లు కనపడనిదాన్ని?" అని కసిరి, ఉరుకుందమ్మ నలుగురూ వినేట్టు "తక్కువది నేనిస్తాండా, తీసుకో" అంటూ ఆ రూపాయే పెట్టింది. అంగడిలో చెల్లనిది, ఇక్కడ దానం పేరుతోనైనా పోతుందేమోనని.

గుమాస్తా దాన్ని వేలితో వెనక్కి తోశాడు. వరుసలో ఉన్న ఒకామె తన బిడ్డ మొహం పక్కకు తిప్పింది.

ఉరుకుందమ్మ చెవులు కాలిపోయాయి. తిత్తిలో తన రూపాయలున్నాయి, ఒకటి తీసిస్తే గొడవ తీరేది. చేయి అటు పోయింది కూడా. అంతలో విశ్వాసమ్మ ఆ నాణేన్ని తడిమింది. మూసిన వాకిలి వేలికి తగిలింది.

"ఇది ఎవురిదమ్మా?"

"నీదేనే. ఆరుకు ఏడొచ్చినాయి. ఏడోది నేనుంచుకున్యా."

వేలి కింద వాకిలి తెరుచుకుంది. గుమాస్తా ఏడూ తీసి సొరుగులో వేసుకున్నాడు.

అద్దాలు పెట్టుకుని విశ్వాసమ్మ మొదట చూసింది ఉరుకుందమ్మనే. చాలాసేపు చూసింది. ఉరుకుందమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తిరుగు రైలు వంతెన మీదికి రాగానే విశ్వాసమ్మ చేయి చాచింది. "తిత్తి ఇట్ల తేమ్మా. నేను కట్టుకుంటా."

ఉరుకుందమ్మ ముడి విప్పి ఇచ్చింది.

ఆ తర్వాత ఆ పేటలో ఏ ఇంటివాళ్లు ఏరు దాటినా టికెట్టు కొని, కూలిచ్చి మరీ తిత్తి కట్టుకోవడానికి విశ్వాసమ్మను వెంట తీసుకుపోయేవాళ్లు. ఆమెకు కలుపుకు పోయే పని తప్పింది. ఉరుకుందమ్మ అందరికన్నా ముందే వచ్చి తన దుడ్లు ఆ తిత్తిలో వేసేది. వేసేటప్పుడు మాత్రం ఆ అద్దాలవైపు చూసేది కాదు.