బేసి రోజుల కత్తి

షూయిన్ హోటల్లో బేసి తేదీల్లో గంజి తప్ప ఇంకేమీ దొరకదు. జిన్‌మెన్ ద్వీపంలో పుట్టి పెరిగినవాళ్ళెవరూ ఆ రోజుల్లో ఆల్చిప్పల అట్టు అడగరు. అట్టులోకి ఉల్లికాడలు తరగాలి, తరగడానికి కత్తి కావాలి, బేసి రోజుల్లో ఆ ద్వీపంలో కత్తులు తెగవు. ఓడ దిగి వచ్చిన యాత్రికులు గోడమీది పట్టిక చూపించి "ఇవన్నీ రాసి పెట్టి ఒక్కటీ లేదంటే ఎలాగమ్మా?" అని దెబ్బలాడితే, "ఇవాళ పదిహేడో తారీఖండీ" అని షూయిన్ గంజి గిన్నె ముందు పెట్టేసేది.

ఆ కత్తులు సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్న షియామెన్ ఊరినుంచి వచ్చిపడ్డ ఫిరంగి గుండ్ల ఉక్కుతో చేసినవి. రెండు ఒడ్డుల మధ్య యుద్ధం వేడి తగ్గాక కూడా అవతలివాళ్ళు ఏళ్ళ తరబడి ఒక పద్ధతి పాటించారు. బేసి తేదీల్లో కాల్చేవాళ్ళు, సరి తేదీల్లో ఊరుకునేవాళ్ళు. ఇవతలివాళ్ళు పెళ్ళిళ్ళూ సంతలూ చుట్టాలిళ్ళకు ప్రయాణాలూ సరి రోజులకు మార్చుకుని బతికారు. గుండ్లు పడటం ఆగిపోయి నలభయ్యేళ్ళయింది. మనుషులు మరిచిపోయినా ఇనుము మరిచిపోలేదు. బేసి రోజు తెల్లవారేసరికి వంటిళ్ళలో మేకులకు వేలాడే కత్తులన్నీ మొనలు పైకెత్తి పడమటి సముద్రం వైపు చూస్తుంటాయి. సరి రోజు రాగానే బుద్ధిగా దిగి పనిలో పడతాయి. కొన్ని మాత్రం ఉన్నట్టుండి ఒకరోజు వాలిపోయి, ఇక ఏ రోజైనా తిన్నగా వేలాడుతూ, ఏ రోజైనా తెగుతూ ఉంటాయి. ఉక్కు అలిసిపోయిందంటారు. యాత్రికులకు అమ్మేది వాటినే. ఏటేటా అలిసిన కత్తులు ఎక్కువవుతున్నాయి.

షూయిన్ కత్తి అలిసిపోలేదు. అది ఆమె తల్లి ప్రాణం తీసిన గుండు. ఆ దీవిలో ప్రతి ఇంటికీ రెండు క్యాలెండర్లు ఉంటాయి, పూజలకు చంద్రుడిది, గుండ్లకు గవర్నమెంటుది. ఆ రోజు చంద్రుడి లెక్కన తిథి పదహారు. దుకాణాలవాళ్ళు దేవుడికి పళ్ళెం పెట్టే రోజు. తల్లి ఆ పదహారు మనసులో పెట్టుకుని "ఇవాళ సరి రోజే కదే" అంటూ పెరట్లో ఆల్చిప్పలు ఒలుస్తూ కూర్చుంది. తేదీ మాత్రం బేసి. సొరంగంలో దాక్కున్న పద్దెనిమిదేళ్ళ షూయిన్ బయటికి వచ్చేసరికి తల్లి చుట్టూ పెరడంతా గుండులోంచి చిమ్మిన అవతలివాళ్ళ ప్రచార కాగితాలు పరుచుకుని ఉన్నాయి. ఉక్కు పారెయ్యడం పాపమని తండ్రి దాన్ని కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి కత్తి చేయించాడు.

అప్పటినుంచి షూయిన్ ఎవరి మాటా నమ్మదు. ఎవరైనా తేదీ చెప్తే రెండు క్యాలెండర్లూ చూస్తుంది, తర్వాత పక్కింటికెళ్ళి వాళ్ళవీ చూస్తుంది. చేపలవాడు తాజావంటే మొప్పలు విప్పి చూస్తుంది. అలాంటి మనిషి ఇంటికి షియామెన్ నుంచే కోడలు వచ్చింది. కొడుకు చెంగ్డె యాత్రికుల బస్సు నడుపుతాడు, ఆ బస్సు ఎక్కిన ఆ పిల్లను చూసి మనసు పడ్డాడు. పిల్ల పేరు బిలాన్. పనిమంతురాలు, నెమ్మదస్తురాలు. అదీ షూయిన్‌కు అనుమానమే, ఇంత నెమ్మది ఎందుకని. పైగా కన్నతండ్రి పెళ్ళికి రాలేదు, జబ్బని కబురు చేశాడు. అత్తగారు వంటింటి కత్తి చేతికిస్తేనే కోడలు ఆ ఇంటి మనిషయినట్టు. మూడేళ్ళయినా షూయిన్ ఇవ్వలేదు, బిలాన్ బజారులో కొన్న కత్తితోనే తరుగుతోంది, అదీ సరి రోజుల్లోనే; బేసి రోజున తన వంటింట్లో ఏ కత్తీ పట్టకూడదని షూయిన్ పట్టు.

ఇలా ఉండగా ఒక బేసి రోజు మధ్యాహ్నం గంజి గరిటె తిప్పుతూ తలెత్తి చూస్తే, కత్తి సముద్రం వైపు లేదు. ఊళ్ళోకి తిరిగి ఉంది.

షూయిన్ దాన్ని పడమటికి తిప్పింది. అది మళ్ళీ ఊరివైపే తిరిగింది. బేసి రోజుల్లో తరిగే పని లేదు కాబట్టి మధ్యాహ్నాలు బిలాన్‌కు సెలవు. ఆ పూట కూడా గొడుగు పట్టుకుని బయటికి వెళ్ళింది. తర్వాతి బేసి రోజూ అంతే. కోడలు గడప దాటిన కాసేపటికి కత్తి తూర్పుకు తిరిగింది, సాయంత్రం షియామెన్ ఓడ వెళ్ళే వేళకు మెల్లగా పడమటికి మళ్ళింది.

"ఒరేయ్, నీ పెళ్ళాం ఎక్కడికి వెళ్తోందిరా?" అని కొడుకును అడిగింది.

"ఊరు చూస్తోందమ్మా."

"మూడేళ్ళుగా చూస్తున్న ఊళ్ళో కొత్తగా చూసేదేముంది? కత్తి దాన్నే చూపిస్తోంది. ఏదో దాస్తోంది అది. సంగతి తేల్చు, లేదా నేనే ఓడ ఎక్కించి పుట్టింటికి పంపేస్తాను."

చెంగ్డె అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. తల్లి అన్నంత పనీ చేస్తుందని అతనికి తెలుసు.

తర్వాతి బేసి రోజు షూయిన్ గంజి కుండ దించేసి, కత్తిని తువ్వాలులో చుట్టి గుడ్డసంచిలో వేసుకుని బయల్దేరింది. సంచి చేతిలో తిన్నగా ఉండకుండా ఒక పక్కకు లాగుతోంది. ఎటు లాగితే అటు నడిచింది. ముందు ఆహుయె సేమ్యా హోటల్ దగ్గర ఆగింది.

"మా కోడలు ఇటొచ్చిందా?"

"కూర్చో వదినా. ఏం పెట్టను?"

"తినడానికి రాలేదు."

"తినకుండా అడిగితే నాకు నోరు పెగలదమ్మా!"

షూయిన్ మూతి ముడుచుకుని సేమ్యా తిన్నది. అప్పుడు ఆహుయె ఆమె దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "వచ్చింది. పక్కనొక మగమనిషి. టోపీ తియ్యలేదు. దేశం మీదికి వచ్చిన గూఢచారేమో వదినా, వెనకటి రోజులైతే పోలీసులకు చెప్పేవాళ్ళం."

"నీ సేమ్యాలో గూఢచర్యం చెయ్యడానికేముంది, ఉప్పు కూడా లేదు," అని లేచింది షూయిన్. అలా అన్నదే కానీ సంచిని రెండు చేతులా పట్టుకుని అడుగు వేగం పెంచింది.

పల్లీ మిఠాయి అంగడివాడు రుచి చూస్తేనే గానీ చెప్పనన్నాడు. చూసింది. "అవతలి ఒడ్డు యాసండీ. ముక్క నోట్లో వేసుకుని కళ్ళు తుడుచుకున్నాడు. నా మిఠాయి అంత బాగుంటుందని నాకే తెలీదు." ఆల్చిప్పల వడల ముసలమ్మ అయితే రెండు వడలు తినిపించి, "ముసలాడే, కానీ ఈ కాలంలో ముసలాళ్ళను నమ్మేట్టుందా?" అని తన వంతు విషం తాను కలిపింది. దాచిపెట్టిన మగాడు, ఇల్లు కాజేసే బ్రోకరు, గూఢచారి, ముగ్గురూ షూయిన్ తలలో ఒకేసారి తిరగడం మొదలుపెట్టారు. కడుపేమో బరువెక్కిపోయింది.

సంచి ఆమెను ఊరి చివర కొండ దగ్గరికి తీసుకెళ్ళింది. వెనకటికి కొండ తొలిచి పడవలు దాచిన సొరంగం అది, ఇప్పుడు టికెట్టు పెట్టి చూపిస్తున్నారు. బయట రాతి బల్లమీద వాళ్ళిద్దరూ కూర్చుని ఉన్నారు. షూయిన్ ఒక చెట్టు చాటున నిలబడింది. కాసేపటికి బిలాన్ లేచి అల్లం టీ కోసం దూరంగా ఉన్న బండి దగ్గరికి వెళ్ళింది.

సంచి కోడలి వెనక తిరగాలి. తిరగలేదు.

షూయిన్ నాలుగడుగులు పక్కకు వేసి చూసింది, ఇటునుంచి అటు నడిచి చూసింది. ఎక్కడ నిలబడినా సంచి ఆ టోపీ మనిషినే చూపిస్తోంది. ఇన్నాళ్ళూ కోడలి మీద పడ్డ నింద ఒక్కసారిగా చేతిలోంచి జారిపోయినట్టయింది. తిన్నగా వెళ్ళి బల్లమీద ఆయన పక్కనే కూర్చుంది.

ఆయన చూసి చప్పున లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు. "వదినగారూ! మీరు… ఫొటోలో చూశాను. నేను ఫాంగ్‌ని. బిలాన్ తండ్రిని."

"పెళ్ళికి జబ్బన్నారు."

"జబ్బు కాదండీ. సంబంధం కుదిరినప్పుడు మీ ఇంటి ఫొటో పంపారు. గోడనిండా గుండ్లు తగిలిన గుంటలు. నేను కుర్రతనంలో అవతల ఫిరంగి దగ్గర పని చేశాను. కాగితాలు నింపిన గుండ్లేనన్నారు, పొలాల్లో పడతాయి, ఎవరికీ ఏమీ కాదన్నారు. ఆ ఫొటో చూశాక కాళ్ళు కదల్లేదు. ఇప్పుడు అమ్మాయి పోరుతోందని ఓడ ఎక్కుతున్నాను. మీ వీధి మొదటిదాకా వచ్చి, 'ఇవాళ సొరంగం చూద్దాం, ఇవాళ మిఠాయి తిందాం' అని దాన్ని పక్కకు లాక్కెళ్తున్నాను."

"కాగితాలు వాటంతట అవి ఎగిరిరావు కదా," అంది షూయిన్. "వాటిని మోసుకొచ్చిన ఇనుము ఏమవుతుందని అడగలేదా ఎవరినీ?"

షూయిన్ తువ్వాలు విప్పి కత్తిని బల్లమీద పెట్టింది. అది రాతిమీద కిర్రుమని తిరిగి ఆయనకెదురుగా ఆగింది.

"మా అమ్మను చంపిన గుండు ఇదే. నలభయ్యేళ్ళుగా సముద్రం వైపు చూస్తోంటే, ఒడ్డును చూస్తోందనుకున్నాం మేమంతా. కాదు, నిన్ను చూస్తోంది."

ఫాంగ్ కత్తికి ఎదురుగానే బల్లమీద కూర్చున్నాడు. అబద్ధమనలేదు, ఇదేం వింత అనలేదు. "బేసి రోజుల్లో నాకు నిద్ర పట్టదు," అన్నాడు. "ఎవరో చూస్తున్నట్టుంటుంది."

ఇన్నేళ్ళూ షూయిన్ ఈ మనిషిని ఊహించుకుంటూనే ఉంది. ఊహలో వాడు కోరమీసాలతో పకపకా నవ్వేవాడు. ఈయన చొక్కామీద పల్లీ పొడి ఉంది, దులుపుకోవడం కూడా తెలియని మనిషిలా ఉన్నాడు. ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ దాచుకున్న కోపాన్ని తెచ్చి ఈ పల్లీ పొడి మనిషి మీద ఎలా పోయడమన్నది ఆమెకు అర్థం కాలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

"మా అమ్మ తిథి చూసుకుంది. నువ్వు తేదీ చూసుకున్నావు," అంది.

టీ కప్పులతో వచ్చిన బిలాన్ అక్కడే నిలబడిపోయింది. "అత్తయ్యా! నాన్న ఫిరంగి దగ్గర పని చేశాడని నేనే చెప్పొద్దన్నాను. మీకు తెలిస్తే నన్ను పంపేస్తారని భయపడ్డాను."

షూయిన్ ముఖం తుడుచుకుంది. కత్తిని మళ్ళీ తువ్వాలులో చుట్టింది. ఆమె ఏమంటుందోనని తండ్రీకూతుళ్ళిద్దరూ చూస్తున్నారు.

"బేసి రోజున వస్తే నీకు నేనేం పెట్టను? ఉల్లికాడ కూడా తెగదు. వచ్చేదేదో సరి రోజు రా," అని ఆయనతో అని, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయింది.

ఆయన వచ్చాడు. ఆ రోజు షూయిన్ మేకు మీది కత్తి తీసి, ఇంకేమీ అనకుండా కోడలి చేతిలో పెట్టింది. "సన్నగా తరుగు. మీ నాన్న పళ్ళు అంతంతమాత్రం." బిలాన్ కళ్ళనీళ్ళతో ఉల్లికాడలు తరిగింది. కత్తి చక్కగా తెగింది. ఫాంగ్ అట్టు తిని పళ్ళెం తానే కడిగి పెట్టాడు. షూయిన్ దాన్ని మళ్ళీ కడిగింది.

క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు, ఆయన అడగలేదు. ప్రతి వారాంతం సరి తేదీ పడ్డ రోజున వచ్చి పెరట్లో కూర్చుని ఆల్చిప్పలు ఒలిచేవాడు. "వీడు బరువు పెరగాలని ఆల్చిప్పల్లో నీళ్ళు వంచెయ్యడం లేదు చూడు" అని ఆవిడ ఆయన్ని కూడా అనుమానించేది.

చలిగాలులు మొదలైన ఒక బేసి రోజు పొద్దున, షూయిన్ వంటింట్లోకి వచ్చేసరికి కత్తి సగానికి వాలి వణుకుతోంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. వాలిపోయిన కత్తులన్నీ, ఆహుయె ఇంట్లోది, వడల ముసలమ్మది, దుకాణాల్లో వరసగా వేలాడేవి, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఉక్కు అలిసిపోవడం కాదు అది. అవతల ఆ గుండు పేల్చిన మనిషి పోతేనే కత్తి వాలిపోతుంది.

"బిలాన్! ఓడ ఎక్కు. ఇప్పుడే."

బిలాన్ కంగారుగా ఫోన్ చేసింది. "బాగానే ఉన్నానంటున్నారు అత్తయ్యా. కొంచెం ఆయాసమట, రేపు వస్తానంటున్నారు."

"బాగున్నవాడు అంత మెల్లగా మాట్లాడడు. వాడి మాట నేనెప్పుడు నమ్మాను? వెళ్ళు! వెళ్ళి తలుపు తియ్యకపోతే విరగ్గొట్టించు, ఆసుపత్రికి తీసుకుపో."

కోడలు వెళ్ళింది. షూయిన్ ఆ రోజు గంజి కూడా వండలేదు. కత్తి ముందు పీట వేసుకుని కూర్చుంది. ఆ మొన అంగుళం దిగినప్పుడల్లా వేలితో కిందనుంచి ఎత్తి పట్టుకుంది. ఈ మనిషి చావు కోరుకుంటూ ఆమె ఎన్ని పళ్ళేలు పెట్టిందో దేవుళ్ళకు తెలుసు. ఇప్పుడు వాళ్ళకు ముఖం చూపించలేక కత్తితోనే మాట్లాడింది. "లే. ఆల్చిప్పలు ఎవరొలుస్తారు? లే."

చీకటి పడబోయే ముందు, వెనకటికి గుండ్లు పడే వేళలో, వేలిమీద బరువు తేలికయింది. కత్తి తనంతట తాను మొన పైకెత్తి, మెల్లగా పడమటికి తిరిగి నిలబడింది. కాసేపటికి ఫోన్ మోగింది.

"అత్తయ్యా, గుండెపోటట. ఇంకాస్త ఆలస్యమైతే…" బిలాన్ ఏడుస్తోంది. "ఇప్పుడు గండం గడిచిందన్నారు. కళ్ళు తెరిచారు."

"తెలుసు," అంది షూయిన్, నొప్పెట్టిన వేలిని నోట్లో పెట్టుకుని. తర్వాత లేచి రెండు క్యాలెండర్లూ చూసి, రేపు సరి రోజేనని నిర్ధారణ చేసుకుని, ఆయనకు పంపే అట్టు కోసం ఉల్లికాడలు నీళ్ళలో వేసింది.