గడ్డి చెక్కిన వాలు

మా అక్కకి మొండితనం పుట్టుకతో వచ్చింది. ముక్కు మీద కోపం నా వాటాకి వచ్చింది. అందుకే ఆ పొద్దున తను పార భుజాన వేసుకుని బయల్దేరుతుంటే, "ఫారెస్టు రేంజరమ్మ వచ్చే రోజైనా ఆ గడ్డిని దాని మానాన వదిలెయ్యవే," అని కసిరాను. వినలేదు. వింటే మా అక్క ఎందుకవుతుంది? కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి నేనూ వెనకాలే నడిచాను.

అక్క వెళ్లే కొండవాలు మీద ఉన్న పైన్ చెట్లన్నీ ముసలివి. లేత మొక్కలు కనిపిస్తే అటవీశాఖవాళ్లు వాలును అలాగే ఉంచుతారట. లేకపోతే అంతా కొట్టేసి, కాగితం మిల్లుకి పనికొచ్చే చెట్లు వేస్తారట. అది తేల్చడానికే రేంజరమ్మ వస్తోంది. బావ పోయాక అక్కకి ఆయన తాలూకు మిగిలింది ఆ వాలు ఒక్కటే.

బావ అక్కడ మంటల కాపలాదారు. ఏటా ఎండలు ముదరకముందే తనే చిన్న మంట పెట్టి, రాలిన సూదాకుల్నీ ఎండుగడ్డినీ కాల్చేవాడు. "ఇప్పుడు కాస్త కాలిస్తే తర్వాత అంతా కాలదు. మన పిల్లలకి ఎండ కూడా తగులుతుంది," అనేవాడు. వాళ్లకి పిల్లల్లేరు. పైన్ మొక్కల్నే ఆయన అలా పిలుచుకునేవాడు. "ఎక్కడయ్యా నీ పిల్లలు? నాకు గడ్డే కనిపిస్తోంది," అని అక్క ఆటపట్టిస్తే, "ఎదిగాక కనిపిస్తార్లే," అని నవ్వేవాడు. ఒక ఏడు గాలి తిరిగింది. పెట్టిన మంటే ఆయన్ని చుట్టుముట్టింది.

ఆ తర్వాత అక్క ఇంట్లో అగ్గిపెట్టె ఉంచలేదు, కరెంటు పొయ్యి కొనుక్కుంది. వాలు మీద మళ్లీ మంట పెడతామని వచ్చిన వాళ్లని తిట్టి పంపించింది. నిప్పుకి ఏమీ దొరక్కూడదని ప్రతి వేసవీ ఆ గడ్డినంతా వేళ్లతో సహా చెక్కేది. పారకి జిగురంటుకునేది. పైనుంచి చెట్ల బంక కారిందనుకునేవాళ్లం. ఇంట్లోకి రాకముందే కుళాయి దగ్గర కొబ్బరినూనెతో తుడిచేసేది. బావ చొక్కాలకి ఎప్పుడూ ఆ బంక వాసనే ఉండేది. చివరి చొక్కాకి కూడా వాసన పోయిందని తెలిసిన రోజు అక్క ఒక పూటంతా ఏడ్చింది.

రేంజరమ్మ వాలంతా తిరిగి, తల అడ్డంగా ఊపుతూ వచ్చింది. అప్పుడు ఆమె కళ్లు అక్క చెక్కి పోసిన గడ్డికుప్ప మీద పడ్డాయి. వంగి ఒక దుబ్బు తీసింది. దాని కింద ముల్లంగిలా లావుపాటి వేరు వేలాడుతోంది. ఆకు విరిచి వాసన చూసింది.

"అమ్మా, ఇది గడ్డి కాదు. పైన్ మొక్కే."

అక్క నవ్వబోయింది. "పైన్ మొక్క ఇలా ఉంటుందా?"

"ఈ రకం మొదటి కొన్నేళ్లు గడ్డిలాగే ఉంటుందమ్మా. లోపల వేరు పెంచుకుంటుంది. మంట పైనుంచి పోతే ఆకులు మాడతాయి గానీ మొగ్గ బతుకుతుంది. చుట్టూ గడ్డి కాలిపోయాక ఇక పైకి లేస్తుంది."

"చెక్కేస్తే?"

రేంజరమ్మ వేలాడుతున్న ఆ వేరునే చూపించింది. ముగ్గురం కలిసి వెతికాం. రెండు రాళ్ల మధ్య, పార దూరని చోట, ఒక్కటి దొరికింది.

"ఒక్కటి చాలదమ్మా. పైవాళ్లు ఒప్పుకోరు," అంది ఆమె. గొంతులో నిజంగానే బాధ ఉంది.

ఆమె వెళ్లిపోయాక అక్క కుప్ప ముందు కూలబడింది. ఒక్కో దుబ్బే తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఆయన పిల్లల్ని నేనే చంపుకున్నానే," అంది. నాకు ఏడుపొచ్చింది, బావ మీద కోపమూ వచ్చింది. ఇవిగో ఇవే అని ఒక్కసారి వేలు పెట్టి చూపిస్తే ఆయన సొమ్మేం పోయేది?

సాయంత్రం కుళాయి దగ్గర అలవాటు కొద్దీ కొబ్బరినూనె డబ్బా, గుడ్డ తెచ్చాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"వద్దులే. అలాగే ఉండనీ."

జిగురుతోనే పారని లోపలికి తెచ్చి మంచం పక్కన ఆనించింది. తలుపు వేసింది, కిటికీ కూడా వేసింది. కాసేపటికి గదంతా బావ చొక్కా వాసన.