పొన్నలదిబ్బ ఎండదెబ్బ

మదార్ చచ్చిపోయిన పొద్దున అతని ఇంటికి అందరికంటే ముందు వచ్చింది చుట్టాలు కాదు, ప్రెసిడెంటు గారి గుమాస్తా రామలింగం.

గుమ్మం ఎక్కలేదు. పంచె పైకెత్తి పట్టుకుని, ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని, వీధిలోనే నిలబడ్డాడు.

"ఎండదెబ్బ" అన్నాడు.

లోపల నేల కడుగుతున్న మదార్ భార్య మహమూదా తలెత్తింది.

"ఎండదెబ్బేంటండీ పంతులుగారూ? వాంతులు, బేదులు. బియ్యం కడుగులా పోయిందండీ. తెల్లారేసరికి కళ్ళు లోపలికి పీక్కుపోయాయి. పిక్కలు పట్టేసి గిలగిల కొట్టుకున్నాడు."

"ప్రెసిడెంటు గారు ఎండదెబ్బ అన్నారు. నువ్వూ అదే అను. మసీదులో చెప్పొద్దు. బజారు మీంచి కాకుండా డొంకదారిన తీసుకెళ్ళి గబగబా కానిచ్చేయండి."

మదార్ తల్లి మరియంబీ గోడ పట్టుకుని లేచింది. "నా కొడుకు మొహం చూడ్డానికి నలుగుర్ని పిలుచుకోకూడదా బాబూ?"

"పిలిస్తే మీ కోడలికి మగ్గం ఉండదు."

చెప్పాల్సింది చెప్పేసి వెళ్ళిపోయాడు. మదార్‌ని డొంకదారినే తీసుకెళ్ళారు. దొంగసొత్తు దాచినట్టు పాతిపెట్టారు.

అది పంతొమ్మిది వందల ముప్ఫయ్యారు వేసవి. పొన్నలదిబ్బ పెదపాడు దాటి కొల్లేటి వైపు వెళ్ళే దారిలో ఉంది. ఏలూరులో తివాచీలు నేసే సాయిబులు కూలి పెంచమన్నందుకు అచ్యుతరావు అక్కడి మగ్గాలు పీకించి ఇక్కడ షెడ్లు వేశాడు. ఆకలి వాళ్ళని ఆయన వెనకే నడిపించింది. పొన్నలదిబ్బలో ఆయనే యజమాని, ఊరి పాలన చూసే యూనియన్ బోర్డుకీ ఆయనే ప్రెసిడెంటు. ఇప్పుడు శాసనసభకి నిలబడుతున్నాడు. "ప్రజల దగ్గర నాకు దాపరికం లేదు" అని షెడ్ల గోడల మీద సున్నంతో రాయించాడు.

వేసవికి కాలువ కట్టేశారు. లాకుల కింద ఒక్క మడుగు మిగిలింది. ఊరంతా తాగేది ఆ నీళ్ళే. అచ్యుతరావు ఉన్ని కడిగించేదీ ఆ నీళ్ళలోనే.

ఊళ్ళో కలరా ఉందని ప్రెసిడెంటు కబురు పంపితేనే ఏలూరు నుంచి డాక్టరు వస్తాడు, సూదులు వస్తాయి, నీళ్ళలో కలిపే మందు వస్తుంది. కానీ ఆ కబురు వెళ్తే ఉన్ని కడగడం ఆపాలి. లండను వెళ్ళే తివాచీ బేళ్ళని రేవులో నిలిపేస్తారు. కలరా ఊరి నాయకుడికి ఓట్లెవరు వేస్తారు? అందుకని అచ్యుతరావు ఆ ఒక్క మాటని పళ్ళ వెనక బిగపట్టుకున్నాడు. ఊరు చచ్చిపోతోంది.

మర్నాడు మహమూదా మొగుడి పక్కబట్టలు మూటగట్టుకుని మడుగుకి వెళ్ళింది. కింది గట్టున, ఊరవతలి పేట ఆడవాళ్ళు కుండలు ముంచుకుంటున్నారు. వాళ్ళలోంచి యేసమ్మ అరిచింది.

"బీబమ్మా! ఆ గుడ్డలు నీళ్ళల్లో పెట్టమాక! మీ ఆయన దేంతో పోయాడు?"

"ఎండదెబ్బంట."

యేసమ్మ నవ్వింది.

"మా అన్నా, వదినా ఒక్కపూటలో పోయారు. గుమాస్తా వచ్చి, కుళ్ళిన చేప తిన్నారన్నాడు. కొల్లేటి ఒడ్డున పుట్టినోళ్ళకి కుళ్ళిన చేపేదో తెలవదంటనా? అసలు మా పొయ్యి మీద చేప ఉడికి ఎన్నాళ్ళయిందో!"

పై మెట్టు మీద బిందెతో నిలబడ్డ సీతామహాలక్ష్మి ఇటు తిరిగింది. బజారులో కిరాణా కొట్టు రామమూర్తి గారి భార్య ఆమె. నీళ్ళు మోసే మనిషి ఊరొదిలి పారిపోతే తనే వచ్చింది. పేటవాళ్ళతో మాట్లాడ్డం ఆమెకి అలవాటు లేదు. అయినా మాట్లాడింది.

"మా అత్తగారికి ముసలితనం అన్నారండీ. ముందురోజు పొద్దున కూర్చుని రోట్లో పప్పు రుబ్బిన మనిషి. సాయంత్రానికి అవే వాంతులు, అవే బేదులు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చూశారా!" అంది యేసమ్మ. "వాడకో రోగం పంచిపెట్టాడు మారాజు. బేదులు మాత్రం అందరికీ ఒకటే ఇచ్చాడు."

అవతలి ఒడ్డున కూలీలు ఉన్ని మూటలు నీళ్ళలో వేసి కాళ్ళతో తొక్కుతున్నారు. నల్లటి మడ్డి మెల్లగా కుండల వైపు వస్తోంది. మహమూదా మూట విప్పకుండా వెనక్కి తిరిగింది.

తివాచీ షెడ్డులో పని ఎలా జరుగుతుందో చెప్పాలి. మగ్గం వెనక ఒకడు నిలబడి నమూనా చూస్తూ రంగులు పిలుస్తాడు. "ఎరుపు నాలుగు!" అంటే, మగ్గం ముందు వరసగా కూర్చున్న వాళ్ళంతా నాలుగు ముళ్ళు వేసి, "వేశాం నాలుగు!" అని ఒక్క గొంతుతో బదులు చెప్పాలి. ఒక్క గొంతు తప్పినా పువ్వు చెడుతుంది. పొన్నలదిబ్బ షెడ్డులో రంగులు పిలిచేది అబ్దుల్ జబ్బార్. జీవితమంతా అరిచి అరిచి అతని గొంతు కంచులా అయింది.

ఆ మధ్యాహ్నం జబ్బార్ రంగు పిలవలేదు. మగ్గాలు ఆగాయి. మహమూదా మడుగు దగ్గర విన్నదంతా చెప్పింది.

"ఏలూరు పోయి డాక్టర్ని తీసుకొద్దాం" అన్నాడు మొహిద్దీన్. పడుచువాడు, తొందర మనిషి.

"నిన్న నేను పోలేదా?" అన్నాడు జబ్బార్. "మీ ప్రెసిడెంటు ఊరు చల్లగా ఉందని చెప్పాడు, నువ్వెవడివి అన్నారు ఆస్పత్రిలో."

"అయితే పని మానేద్దాం."

"మానేసి ఏం తింటావురా? కలరా వస్తే వచ్చింది, షెడ్డు మూస్తే అందరం చస్తాం" అని వెనక నుంచి ఎవరో కసిరారు.

"ఇప్పుడు బతుకుతున్నావా నువ్వు?"

మాటా మాటా పెరిగింది. మగ్గాల మధ్య ఒకరినొకరు తోసుకునేదాకా వచ్చింది. అప్పుడే మరియంబీ పరిగెత్తుకొచ్చి గుమ్మంలో కూలబడింది.

"మహమూదా! సాజిదాకి మొదలైందే!"

సాజిదా మహమూదా కూతురు. ఇంకా మాటలు సరిగా రాని పిల్ల. తండ్రి పోయాక ఆమెకి మిగిలింది అదొక్కతే. షెడ్డులో కలబడిన వాళ్ళు చేతులు దించేశారు.

"ఇవాళ సాయంత్రం బజార్లో ఆయన మీటింగు" అన్నాడు జబ్బార్. "అక్కడే అడుగుదాం. అందరి ముందూ."

మీటింగుకి ఊరంతా వచ్చింది. రానివాడికి పని ఉండదని చాటించారు మరి. బల్లలు కలిపి వేదిక కట్టారు. పక్కనే అచ్యుతరావు నల్లటి మోటారు, అందులో డ్రైవరు చిట్టిబాబు. ఖద్దరు కండువా సర్దుకుని అచ్యుతరావు లేచాడు.

"కొందరు తుంటరులు కలరా, కలరా అని పుకార్లు పుట్టిస్తున్నారు. మీ బిడ్డలాంటి వాణ్ణి, మీకు అబద్ధం చెప్తానా? పొన్నలదిబ్బలో కలరా లేదు! ఒక్క మనిషికీ లేదు!"

మహమూదా జనాన్ని తోసుకుంటూ వేదిక కిందికి వచ్చింది. భుజాన సాజిదా వేలాడుతోంది. పిల్ల పెదాలు నీలంగా మారాయి. ఏడవడానికి కూడా ఒంట్లో నీరు లేదు.

"అయ్యా, మరి ఇదేంటండీ?"

అచ్యుతరావు పిల్లని చూశాడు. ఆయనకి తెలిసిపోయింది. వేదిక అంచున వంగి, ఆమెకి మాత్రమే వినపడేలా మెత్తగా అన్నాడు.

"పిల్ల బతకాలా? ఏలూరు పెద్దాస్పత్రిలో నరాలకి ఉప్పునీళ్ళు ఎక్కిస్తారు. గంటలో లేచి కూర్చుంటుంది. కారు ఇదుగో. నీ మొగుడికి ఎండదెబ్బ, పిల్లకీ ఎండదెబ్బ. గట్టిగా అను. అంతే."

మహమూదా జనం వైపు చూసింది. జబ్బార్‌ని చూసింది, యేసమ్మని చూసింది. కారుని చూసింది. పిల్ల మెడ ఆమె చేతి మీద వాలిపోయింది.

ఏ తల్లి ఏం చేస్తుంది?

"ఎండదెబ్బ" అంది మహమూదా. వెనకవాళ్ళకి వినపడలేదు. మళ్ళీ అంది. "మా ఆయనకీ, పిల్లకీ ఎండదెబ్బేనండీ."

అచ్యుతరావు నిటారుగా నిలబడి రెండు చేతులూ చాచాడు. "విన్నారా! మదార్ సొంత పెళ్ళామే చెప్తోంది! ఇంక మీరెవరయ్యా?"

"కారండీ…" అంది మహమూదా.

"ఏం కారు?"

"పిల్లని పంపిస్తానన్నారు కదండీ."

అచ్యుతరావు జనానికంతా వినపడేలా నవ్వాడు. "ఎండదెబ్బకి కారెందుకమ్మా? ఇంటికెళ్ళి మజ్జిగ పట్టు."

వేదిక మీద కూర్చున్న పెద్దమనుషులు కూడా నవ్వారు. ఆ నవ్వు పూర్తి కాలేదు.

"మదార్!"

వెనక నుంచి జబ్బార్ పిలిచాడు. షెడ్డులో రంగు పిలిచినట్టే, అదే గొంతుతో. నేతగాళ్ళకి ఆలోచించే పని లేకపోయింది. ఏళ్ళ తరబడి ఆ గొంతుకి బదులిచ్చిన నోళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి.

"పోయాడు!"

"దేంతో?"

"కలరాతో!"

మహమూదా అనలేని మాట వందల గొంతులు అన్నాయి. పేటవాళ్ళ గుంపులోంచి యేసమ్మ తన అన్న పేరు పిలిచింది, వదిన పేరు పిలిచింది. నేతగాళ్ళూ పేటవాళ్ళూ కలిసి బదులిచ్చారు. కిరాణా కొట్టు అరుగు మీద మొగుడు చెయ్యి పట్టి లాగుతున్నా సీతామహాలక్ష్మి ఆగలేదు.

"మా అత్తగారు వీరరాఘవమ్మ!"

"కలరాతో!"

అచ్యుతరావు గుమాస్తా వైపు తిరిగాడు. "రామలింగం! చెప్పవయ్యా వీళ్ళకి! నీ ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా లేదా?"

రామలింగం కంగారులో నిజం కక్కేశాడు. "బాగానే ఉన్నారండీ. నిన్ననే గుండుగొలను పంపించేశానండీ."

"ఏం పంతులుగారూ, గుండుగొలనులో ఎండ కాయదంటనా?" అంది యేసమ్మ.

ఈసారి నవ్వింది జనం. నవ్వుతూనే కదిలారు. వేదిక బల్లలు ఎటు పోయాయో, పెద్దమనుషులు ఏ సందున పడ్డారో ఎవరూ చూడలేదు. కారు చుట్టూ మనుషులు గోడ కట్టారు. చిట్టిబాబు యజమాని వైపు ఒకసారి చూసి, తలుపు తీశాడు.

"నేనూ ఆ మడుగు నీళ్ళే తాగుతున్నానమ్మా. ఎక్కండి."

మహమూదా, జబ్బార్, యేసమ్మ ఎక్కారు. మిగతావాళ్ళు వెనక నడక మొదలుపెట్టారు.

పెదపాడు దగ్గర సాజిదా ఒకసారి ఎక్కిళ్ళు పెట్టింది. ఆ తర్వాత ఊపిరి తీసుకోలేదు.

చిట్టిబాబు కారు ఆపాడు. మహమూదా పిల్ల కళ్ళు మూసి, కొంగు కప్పింది.

"వెనక్కి తిప్పమంటారా అమ్మా?"

"వద్దు. ఏలూరే పోనీ."

"ఇంకెందుకమ్మా?"

"బతికున్న వాళ్ళ మాట వాళ్ళకి పట్టలేదు" అంది మహమూదా. "ఇది చెప్తుంది."

ఆమె పిల్లని తీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద పడుకోబెట్టింది. కలరా శవం ఏలూరు నడిబొడ్డుకి వచ్చాక ఏ ప్రెసిడెంటు మాట కోసమూ ఎవరూ ఆగలేకపోయారు. మర్నాడు పొన్నలదిబ్బకి సూదుల పెట్టెలు బయల్దేరాయి. ఒక చంటిపిల్ల ప్రాణం ఖరీదు పెట్టి కొనుక్కున్న సూదులు అవి.

ఆస్పత్రి గుమ్మంలోనే పోలీసులు మహమూదానీ, జబ్బార్‌నీ, యేసమ్మనీ, చిట్టిబాబునీ పట్టుకున్నారు. కారు దొంగతనం. పిల్లని పాతిపెట్టి వస్తానని మహమూదా బతిమాలింది. వదల్లేదు.

డాక్టరుతోపాటే తాడేపల్లిగూడెం నుంచి పోలీసు జవాన్లు కూడా పొన్నలదిబ్బలో దిగారు. అచ్యుతరావు బేళ్ళు ఇంకా పూర్తి కాలేదు, రేవులో ఆపమని ఉత్తర్వు వచ్చేలోపు అవి పంపించెయ్యాలి. ఉన్ని కడగాలి. కూలీలు ఎవరూ రాకపోతే మొహిద్దీన్‌నీ మరికొందరినీ తాళ్ళతో కట్టి మడుగు దగ్గరికి ఈడ్చుకొచ్చారు.

అక్కడ మెట్ల నిండా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. సాయిబుల వీధి, పేట, బజారు. పై గట్టూ కింది గట్టూ లేదు. అందరికంటే ముందు, నీళ్ళ అంచున మరియంబీ. కొడుకునీ, మనవరాలినీ పోగొట్టుకున్న ముసలిది ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"లేవండి!" అని ఇన్‌స్పెక్టరు అరిచాడు. ఎవరూ లేవలేదు.

ఎండ మాడ్చేస్తోంది. దూరం నుంచి నడిచొచ్చిన ఒక జవాను దాహం ఆపుకోలేక లాఠీ గట్టున పెట్టాడు. మరియంబీ పక్కనే వంగి దోసిట్లో నీళ్ళు తీసుకున్నాడు. నోటి దాకా తెచ్చాడు.

మరియంబీ అతని మణికట్టు పట్టుకుంది.

"తాగకు నాయనా. వీటిల్లో కలరా ఉంది. నీకూ తల్లి ఉంటుంది."

జవాను ఆమె మొహంలోకి చూశాడు. దోసిలి విప్పేశాడు. వెనక్కి తిరిగి తోటి జవాన్లకి, "నీళ్ళు ముట్టుకోకండిరోయ్, కలరా ఉందంట!" అని కేకేశాడు.

ఇన్‌స్పెక్టరు ఈల వేశాడు. జవాను ఒక్క క్షణం ఆగాడు. తడిచేతిని నిక్కరుకి తుడుచుకుని, వంగి లాఠీ అందుకున్నాడు.

మొదటి దెబ్బ మరియంబీ భుజం మీద పడింది. పక్కనున్న సీతామహాలక్ష్మి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె చెయ్యి పేట ఆడది పట్టుకుంది. దెబ్బలు మెట్టు మెట్టునా పడుతూ పైకి వెళ్ళాయి. ఏ మెట్టూ ఖాళీ కాలేదు.