నాలుగు ఆసుల చెయ్యి

"ఇవాళ మంచి ముక్కలు పడ్డా తొందరపడి పాట పెంచకు. ఆట సంగతి నేను చూసుకుంటాగా," అన్నాడాయన, ఆమె అప్పుడే ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. ఆమె "ఊఁ" అంది. శనివారం ఆసుపత్రిలో ఒంటిపూట పని. ఎక్స్‌రే గదిలోంచి పరుగున ఇంటికొచ్చి, వండి, వడ్డించి, గిన్నెలు తోమి, చొక్కా ఇస్త్రీ చేసేసరికి క్లబ్బుకి వేళవుతుంది. తన బట్టలకి ఇస్త్రీ లేకపోయినా ఎవరూ అడగరు. "ఆవిడ ఆయనతో వస్తారు కదా" అనుకుంటారంతే. ఎక్స్‌రే గదిలోనూ అదే వరస. ఎముకలో సన్నని చీలిక ముందు కనిపించేది ఆమెకి. ఫిల్ము మీద వేలు పెట్టి చూపిస్తే "చూస్తున్నాగా" అని విసుక్కుని, అరక్షణం తర్వాత రోగితో తనే కనిపెట్టినట్టు చెబుతాడు పెద్ద డాక్టరు. ఆమె తర్వాతి ఫిల్ము అందుకుంటుంది. అలవాటైపోయింది.

క్లబ్బంటే గ్రంథాలయం మేడమీద ఒక పొడవాటి హాలు, ఆకుపచ్చ గుడ్డ కప్పిన బల్లలు, కిర్రుమనే ఫ్యాన్లు. అక్కడ ఆడేది బ్రిడ్జి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జోడీ. ముందు పాట, తర్వాత ఆట. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే పెద్ద ముక్కదే ఆ పట్టు. ఎన్ని పట్లు పడతామో, ఏ రంగు తురుపో వేలంలోలాగా పాడుకుంటారు. పాట ఏ రంగులో ఖాయమైతే, జోడీలో ఆ రంగు పేరు ముందు ఎత్తినవాళ్ళదే ఆట. రెండోవాళ్ళు తమ ముక్కలన్నీ బల్లమీద పరిచేసి చేతులు ముడుచుకుని కూర్చోవాలి. చేతులు ముడుచుకుని కూర్చోవడంలో ఆ క్లబ్బులో ఆమెని మించినవాళ్ళు లేరు. ఆమె ఆఠీను అంటుంది. ఆయన వెంటనే నో ట్రంప్ అంటాడు, అంటే తురుపే లేని ఆట. దాంతో ఆట ఆయన చేతికి పోతుంది. పెళ్ళయ్యాక ఆమె పాడిన ప్రతి పెద్ద చెయ్యీ అలాగే చేతులు మారింది. ఈ క్లబ్బులో ఒక్క స్లామ్ కూడా ఆమె తన చేత్తో ఆడలేదు. ఒక్కటి ఆడాలని ఉందని ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే నవ్వుతారు. పేకాట కూడా ఒక కోరికేనా అని ముక్కున వేలేసుకుంటారు.

కానీ అది చాలా పాత కోరిక. మేనత్త పెట్టింది. మేనత్త టెలిఫోన్ ఆపరేటరు. తెల్లవారుజాము డ్యూటీ దిగి వచ్చి, తలంటు పోసుకుని, తడిజుట్టు వీపంతా పరుచుకుని కిటికీ పక్కన చాప మీద కూలబడేది. "రావే పిచ్చికా, నాలుగు చేతులూ మనిద్దరమే ఆడదాం," అనేది. మధ్యాహ్నపు ఎండ చాప మీద పడి కదులుతుంటే ముక్కలు వెచ్చగా ఉండేవి. "పదమూడు పట్లలో ఒక్కటి తప్ప అన్నీ నావే అన్నామనుకో, అది చిన్న స్లామ్. పదమూడూ నావే అంటే పెద్ద స్లామ్. కానీ ముందు చెప్పాలే. నలుగురి ముందూ నోరు తెరిచి చెప్పి, ఆ తర్వాత చేసి చూపించాలి. చెప్పకుండా పదమూడూ పట్టుకొచ్చినా స్లామ్ కింద ఒక్క మార్కూ రాదు." అన్నగారు, అంటే ఆమె నాన్న, గుమ్మంలో నిలబడి "ఆడపిల్లకి మంచి విద్యే నేర్పుతున్నావు" అని దెప్పితే, మేనత్త తల కూడా ఎత్తకుండా "నీకూ నేర్పేదాన్ని అన్నయ్యా, బుర్ర ఉంటే," అనేది. ఆ నవ్వు, ఆ షీకాయ వాసన ఆమెకి ఇప్పటికీ గుర్తే. అలాంటి మధ్యాహ్నాలు మళ్ళీ రాలేదు.

పెళ్ళైన కొత్తలో ఆయన కూడా ఒక పేక తెచ్చి మంచం మీద పరిచాడు. "నీకు బ్రిడ్జి నేర్పిస్తాను చూడు," అన్నాడు మెరిసే కళ్ళతో. తనకి వచ్చని చెప్పబోయి ఆగిపోయింది. ఇస్పేటు ఏదో, కళావరు ఏదో ఆయన ఒక్కో ముక్కా ఎత్తి చూపిస్తుంటే ముద్దొచ్చాడు. కావాలని తప్పు ముక్క వేసేది. "అలా కాదు పిచ్చీ" అని వేళ్ళు పట్టుకుని సరిచేసేవాడు. ఆ రోజులు బాగుండేవి, అబద్ధమెందుకు. కాకపోతే ముద్దుకి ఆడిన ఆ నాటకమే ఆమె పేరైపోయింది. "మా ఆవిడ నిన్నమొన్న నేర్చుకుంది, తప్పులుంటే ఏమనుకోకండి," అని ఆయన క్లబ్బులో పరిచయం చేసి ఎన్నేళ్ళో అయింది. ఇంకా నిన్నమొన్నే.

ఆవేళ ఎదుటి జోడీ పళ్ళ డాక్టరు, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మేడమ్. ఆమె ముక్కలు ఎత్తి చూసుకుంది. నాలుగు రంగుల ఆసులూ ఆమె చేతిలోనే ఉన్నాయి. ఆఠీను అయితే ఆసు మొదలు పది దాకా వరసగా, కింద ఇంకో రెండు. మొహం మామూలుగా పెట్టుకోవడానికి నీళ్ళ గ్లాసు అందుకుంది.

పాట ఆయనే మొదలుపెట్టాడు. "ఒక కళావరు." ఆమె "ఒక ఆఠీను" అంది. ఆయన అలవాటు ప్రకారం "ఒక నో ట్రంప్" అన్నాడు. ఆమె ఒక్కసారిగా "ఆరు ఆఠీన్లు" అంది. మొదటి ఆరు పట్లూ పాటలో లెక్కపెట్టరు కాబట్టి ఆరంటే పన్నెండు, చిన్న స్లామ్. పక్కబల్ల దగ్గర ఎవరో మెడ తిప్పి చూశారు. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆ చూపు ఆమెకి తెలుసు. ఎవరైనా వచ్చినప్పుడు ఆమె మధ్యలో ఏదైనా చెబితే, నవ్వుతూనే "నువ్వాగు, నేను చెబుతాను" అనే చూపు అది.

"ఆరు నో ట్రంప్," అన్నాడాయన.

చేతిలో ఒక్క ఆసైనా లేని మనిషి! ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. ఊరుకుంటే పన్నెండు పట్లు ఖాయంగా వస్తాయి, ఆయన ఆడతాడు, అందరూ ఆయన భుజం తడతారు, ఆమె ముక్కలు పరిచి కూర్చుంటుంది. పాట పెంచితే పదమూడూ తేవాలి. ఒక్కటి జారినా "చెప్పానా" అనే మాట ఈ జన్మంతా వినాలి. ఆయన కళావరుతో మొదలుపెట్టాడు కాబట్టి ఆ రంగు అటు బారుగా ఉంటుంది. రాజు కూడా అక్కడే ఉండాలి. ఉండాలి అనుకోవడమే తప్ప ఖాయమేమీ లేదు.

"ఏడు ఆఠీన్లు," అంది ఆమె.

సొంత జోడీ ఖాయం చేసిన స్లామ్ మీద పాట పాడడం! డాక్టరు దగ్గాడు. మేడమ్ కళ్ళజోడు పైనుంచి ఆమెనే చూస్తోంది. ఆయన నోరు తెరిచాడు, ఏడు నో ట్రంప్ అనడానికి ధైర్యం చాలక మూసుకున్నాడు. ముక్కలు పరవడం అలవాటు లేక ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. కళావరు ఆరు ముక్కలు, రాజుతో సహా. ఇస్పేటులో రాజూ రాణీ మాత్రమే.

డాక్టరు ఇస్పేటు తొమ్మిది వేశాడు. ఆమె "రాణి" అంది. ఆయన రాణిని ముందుకు జరిపాడు. మేడమ్ చిన్న ముక్క వేసింది. పట్టు రాణిదే. కానీ ఆమె చేతిలోని ఇస్పేటు నాలుగు అట్టేపెట్టి, ఆ రాణి మీద తన ఆసు వేసింది.

"అయ్యో, దండగ!" అన్నాడాయన ఆపుకోలేక.

"ముక్కలు పరిచినవాళ్ళు మాట్లాడకూడదు సార్," అంది మేడమ్. అందరూ నవ్వారు.

దండగ కాదు. ఇప్పుడా నాలుగు వేసి పట్టు రాణికి వదిలేస్తే, బల్ల మీది రాజు దగ్గరికి మళ్ళీ దారి ఉండదు. "వెళ్ళడానికి దారి ముందే చూసుకోవే, సగంలో నిలబడి ఏడవకూడదు," అంటూ మేనత్త తడిజుట్టు ముడేసుకోవడం కళ్ళకి కట్టింది. ఆమె తురుపు వేసి, ఎదుటివాళ్ళ చేతుల్లో ఆఠీను అన్నది లేకుండా లాగేసింది. కళావరు ఆసు, తర్వాత రాజు. మూడోసారి వేసిన కళావరుని తురుపుతో కోసింది. డాక్టరు దగ్గర రాణి పడింది, మేడమ్ దగ్గర కళావరు అప్పటికే అయిపోయింది. ఇక బల్ల మీద మిగిలిన కళావరులన్నీ ఎదురులేనివే. దాచిపెట్టిన ఇస్పేటు నాలుగు వేసి రాజు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు తన ముక్కలు కింద పెట్టేశాడు. "తీసుకోండమ్మా, అన్నీ మీవే."

"అదృష్టం బాగుంది, ఆ కళావరు సరిగ్గా చీలింది కాబట్టి," అని ఆయన బల్ల చుట్టూ చేరినవాళ్ళకి వివరిస్తున్నాడు. లెక్కల మేడమ్ ఆమె వైపు వంగి నెమ్మదిగా అంది, "డాక్టరు గారికి వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చింది. వచ్చే వారం నుంచి నాకు జోడీ లేదు. నువ్వు నాతో కూర్చుంటావా అమ్మాయ్?" ఆమె తల ఊపింది.

ఇంటికి నడిచొస్తుంటే ఆయన మూల మలుపు దగ్గర ఆగాడు.

"నీకింత ఆట వచ్చని నాకెప్పుడూ చెప్పలేదేం?" ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. అందుకే ఆమెకి ఎక్కువ బాధేసింది.

"మొదట్లో దాచిన మాట నిజమే. మీరు నేర్పుతుంటే బాగుండేది, అందుకని. తర్వాత ప్రతి శనివారం చెబుతూనే ఉన్నానండీ. నేను ఆఠీను అన్నప్పుడల్లా మీరు నో ట్రంప్ అన్నారు."

"సరే, వచ్చే వారం నుంచి నువ్వన్న రంగే ఉంచుతాలే," అన్నాడాయన తల దించుకుని.

ఈ మాట కొత్తకాపురంలో అని ఉంటే ఆమె కరిగి నీరైపోయేది. ఇప్పుడూ మనసు కాస్త మెత్తబడింది. ఆయన చొక్కా మడత పడితే చేత్తో సరిచేసింది కూడా.

"వచ్చే వారం మీరు వేరే జోడీని చూసుకోండి," అంది. "నేను మేడమ్ ఎదురుగా కూర్చుంటున్నాను."