చంద్రిక పిలుపు

అసిరమ్మ ఇంట్లో ఒక ఆచారం ఉంది. బారసాల నాడు బిడ్డకి పేరుతోపాటు పిలుపు కూడా పెడతారు. పిలుపంటే మాటల్లేని చిన్న రాగం. ఇంటి పెద్దామె కట్టి, బిడ్డ చెవిలో అంటుంది. వీధిలో ఆడుకునే బిడ్డని అన్నానికి పిలిచినా, జ్వరంలో జోకొట్టినా అదే రాగం. ఒకరిది ఇంకొకరికి పెట్టరు. మనిషి పోతే పిలుపూ పోయినట్టే, దాన్ని మరెవరూ ఎత్తరు.

అసిరమ్మ కడగొట్టు కూతురు చంద్రిక చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయింది. ఆ పిలుపు అసిరమ్మ గొంతులోనే ఉండిపోయింది. నిరుడు మనవడు అనిరుధ్ పక్కన చేరి ఒకటే బతిమాలడం. వాడు టీవీలో పిల్లల కార్యక్రమాలకి సంగీతం కడతాడు మరి.

"మామ్మా, సంద్రికత్త పిలుపు ఒక్కసారి అనవే. నాను ఇనాలి, అంతే."

"నీ టీవీలో పెడతావేటి?"

"నీ మీదొట్టు, పెట్టను."

మామ్మ నెత్తిమీద చెయ్యి పెట్టి మరీ అన్నాడు. కరిగిపోయి, కళ్లు మూసుకుని అంది పిచ్చితల్లి.

మొన్న దువ్వాడలో తమ పక్కింటి సూర్యకాంతమ్మ పిల్లలు టీవీ ముందు పడీపడీ నవ్వుతుంటే అసిరమ్మ తొంగి చూసింది. బొమ్మల గాడిద బురదలో జారి పడుతోంది. పడ్డప్పుడల్లా చంద్రిక రాగమే, డప్పుల మీద, హడావిడిగా. పిల్లలూ అందుకుని పాడేస్తున్నారు. ఆ రాగానికి పరుగెత్తుకొచ్చే బిడ్డ ఒక్కతే ఉండేది.

"ఊరంతా పాడతన్నారే మామ్మా! అత్త బతికున్నట్టే కదా?" అన్నాడు అనిరుధ్, ఇంటికొచ్చాక ఆమె నిలదీస్తే.

"నీ మొకం! నన్ను ముట్టుకుని ఒట్టేసినావ్ రా. పో, ఇంక నాను ఎవలికీ పిలుపు కట్టను."

అన్నట్టే అనిరుధ్ కూతురి బారసాల నాడు అసిరమ్మ పిలుపు కట్టకుండా మూల కూచుంది. అనిరుధ్ భార్య మధులత పాపని తెచ్చి ఒళ్లో పడుకోబెట్టింది.

"ఆయన చేసిన పనికి దీనికి పిలుపు లేకుండా చేస్తారా మామ్మగారూ?"

అసిరమ్మ పాపని పొదివి పట్టుకుంది.

"తల్లి ఒక్కతే ఉండాల. మిగతా అందరూ బయటికి నడండి. ఫోన్లు కూడా."

"నాను తండ్రిని మామ్మా!"

"తండ్రివే. నడు."

తలుపు గడియ పెట్టింది. తలుపుకి వాడు చెవి ఆనించి ఉంటాడని ఆమెకి తెలీదా!

"సూరికాంతం, టీవీ పెట్టవే. వీడి గాడిద బొమ్మే పెట్టు. గట్టిగా!" అని బయట గదిలో ఉన్న పక్కింటామెకి లోపల్నుంచే కేకేసింది.

బయట చంద్రిక రాగం ఇల్లు ఎగిరిపోయేలా మోగింది. ఆ రాగం వినలేక అసిరమ్మ కళ్లు మూసుకుంది. అయినా వంగి, పాప చెవి దగ్గర నోరు పెట్టింది.

"మామ్మా! ఏటీ ఇనపడట్లేదే!" తలుపు కొడుతున్నాడు అనిరుధ్.

లోపల మధులత పాప పక్కనే చెవొగ్గి కొత్త పిలుపు నేర్చుకుంటోంది.