రెండో టీసీ

“ఏడు సదివింది, సాలదా? నువ్వు గూడ ఏడే సదివినవ్. ఏం తక్కువైంది నీకు?”

తడిపిన తునికాకు విదిలిస్తూ అత్త శాంత ఈ మాట అన్నప్పుడు నవనీత ఒళ్లో చాట ఉంది, చేతిలో సగం చుట్టిన బీడీ ఉంది. పక్కన పదమూడేళ్ల కూతురు సృజన తలొంచుకుని బీడీల మూతులు ముడుస్తోంది. ఏం తక్కువైందో ఒక్కటని చెబితే ఒడుస్తుందా? మేడిపల్లి పక్కనున్న ఆ ఊళ్లో బడి ఏడు దాకే. ఎనిమిది కావాలంటే మండలమైన మేడిపల్లికే పోవాలి. సర్కారు ఐదు దాకా ఒక బడి, ఏడు దాకా ఒక బడి, పది దాకా ఒక బడి అని మెట్లయితే కట్టింది కానీ మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎంత ఎడముందో కొలిచినవాడు లేడు. మగపిల్లలు దాటేస్తారు. ఆడపిల్ల కాలెత్తేసరికి ఇల్లంతా అడ్డం పడుతుంది. నవనీత పుట్టింట్లోనూ అంతే, తమ్ముడికి సైకిలొచ్చింది, ఆమెకు చాటొచ్చింది.

బడులు తెరిచి నెల కావస్తోంది. సృజన టీసీ సంగతి అడిగినప్పుడల్లా బావ రాజనర్సు “సార్లు ఇంక రాస్తలేరు, ఆగుమన్నరు” అంటూ వచ్చాడు. భర్త వీరేందర్ దుబాయిలో ఉంటాడు కాబట్టి బడికైనా బ్యాంకుకైనా బావే పోవాలి, అది ఆ ఇంటి మర్యాద. తిరిగి తిరిగి అలసిపోతున్నాడు పాపం అని నవనీత ఆయనకు రోజూ చాయ్ కూడా పెట్టిచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం బీడీలు అప్పజెప్పి వస్తుంటే ఊరి బడి టీచరు శారద ఎదురైంది.

“సృజన ఎట్ల సదువుతుంది కొత్త బళ్లె?”

“ఇంక చేర్పియ్యలేదు మేడం. టీసీ మీరే ఇస్తలేరంట గద.”

శారద నిలబడిపోయింది. “బడి తెరిచిన రోజే మీ బావ తీస్కపోయిండు. ఆడ చేరిందనుకొని మేం పేరు కొట్టేసినం. పేరున్న పిల్ల రాకుంటే ఇంటికొచ్చి అడుగుతం నవనీతా. టీసీ తీస్కపోయినంక ఎవలడుగుతరు?”

అదీ బావ తెలివి. ఈ బడి లెక్కలో సృజన పై బడికి పోయింది. పై బడికి అట్లాంటి పిల్ల ఒకతి ఉందనే తెలియదు. అన్ని ఆఫీసులు, అన్ని రిజిస్టర్లు ఉండి, రెండు బడుల నడుమ ఒక ఆడపిల్ల మాయమైతే అడిగే నాథుడు లేడు. పోనీ చేసే బీడీలకైనా ఆ పిల్ల పేరుందా అంటే అదీ లేదు, అవి తల్లి కార్డు మీద పోతాయి. నవనీతకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో సగం తన చేత్తో తాను పోసిన చాయ్‌ల మీద.

సాయంత్రం భర్త ఫోన్ చేస్తే అడిగింది.

“అన్న చేసింది తప్పేంది?” అన్నాడు వీరేందర్. “ఈడ పని సక్కగ నడుస్తలేదు. పోరగాని ఫీజు ఎట్ల కడుతం? ఆడివిల్ల నీతోని కూసుండి నాలుగు బీడీలు చేస్తే వాడు ఇంగ్లీషు సదువుతడు. జర సమజ్ చేస్కో.”

“సమజైంది” అంది నవనీత.

నిజంగానే అయింది. కొడుకు సాయికిరణ్‌ది ఆరో తరగతి. పొద్దున పసుపు వ్యానెక్కి కోరుట్లలోని ప్రైవేటు బడికి పోతాడు. వాడి మెడకు టై కట్టి పంపేది సృజనే. కట్టి, చేతులు కడుక్కుని, చాట ముందు కూచుంటుంది. వాడి మీద నవనీతకు కోపం లేదు, వాడూ తన కడుపున పుట్టినవాడే. అక్క వేళ్లు అరగదీసి తమ్ముడికి అక్షరాలు కొనే ఈ పద్ధతి మీదే కోపమంతా.

తెల్లారి అత్త చూస్తుండగానే నవనీత ఆమె పెట్టె తెరిచింది, ఇంటి కాగితాలన్నీ ఉండేది అందులోనే. టీసీ పింఛను పుస్తకంలో మడతపెట్టి ఉంది.

“మొగోళ్లనడుగకుంట పెట్టె తెరుస్తవా?”

“మొగోళ్లు నన్నడిగి దాసిండ్రా అత్తమ్మా?”

కాగితం విప్పి చదివింది. ఏడు దాకా చదివిన చదువు దానికి సరిపోయింది. ‘బడి విడిచిన కారణం’ అన్నచోట సారు గుండ్రంగా రాశారు: పై చదువు కోసం.

పది గంటలకల్లా మేడిపల్లి హైస్కూల్లో సృజన పేరు ఎక్కింది. కూతురిని తరగతిలో కూచోబెట్టి నవనీత అట్నుంచి అటే కోరుట్ల బస్సెక్కింది. ప్రైవేటు బడి కిటికీ దగ్గర నిలబడి, “ఆరో తరగతి సాయికిరణ్ టీసీ రాయుండ్రి” అంది.

“వాళ్ల నాన్న రావాలె గదమ్మా. లేకుంటే ఇంట్ల పెద్దమనిషి” అన్నాడు గుమాస్తా.

“నా బిడ్డ టీసీ ఊరి బళ్లె నన్నడుగకుంటనే మా బావకిచ్చిండ్రు. నా కొడుకుది నేనడిగితే ఎందుకియ్యరు? కన్నది నేను, ఫీజు కట్టింది గూడ నా బీడీల పైసలతోనే. రాయుండ్రి.”

“ఏ బళ్లె ఏస్తరు?”

“మేడిపల్లి సర్కారు బళ్లె. అక్కాతమ్ముడు ఒక్కకాడనే సదువుతరు.”

గుమాస్తా ఇక లాభం లేదనుకుని ఫారం తీశాడు. పేరు, పుట్టిన తేదీ రాసుకుంటూ పోయి ఒక గడి దగ్గర ఆగాడు.

“బడి విడిచిన కారణం? ఏమని రాయాలె?”

“వాళ్లక్క సదువు కోసమని రాయుండ్రి” అంది నవనీత.